జబ్బు చక్రంలోనా, స్టీరింగ్‌లోనా?

అంబాసిడర్‌ది మొరటు స్టీరింగ్ అని ఈనాటి కుర్ర మెకానిక్‌లు అనుకుంటారు. ఇప్పటి చిన్న కార్లకు ఉండే రాక్ అండ్ పినియనే దానికీ ఉండేదని చెబితే ఒక పట్టాన నమ్మరు. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌గా పుట్టిన బండి అది. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు కలకత్తా పక్కనున్న ఉత్తర్‌పారాలో 1957లో దాన్ని అంబాసిడర్ పేరుతో మొదలుపెట్టి 2014 దాకా తయారుచేశారు. ఇంజన్లు మారాయి, ముందు గ్రిల్లు మారింది. మా షెడ్లకు వచ్చే స్టీరింగ్ ఫిర్యాదులు మాత్రం దశాబ్దాల తరబడి అవే.

విజయవాడ ఆటోనగర్ గురించి రాసేవాళ్లు లారీ బాడీల గురించి రాస్తారు, లేత్ పనుల గురించి రాస్తారు. జబ్బు ఎక్కడుందో కనిపెట్టడం కూడా ఒక విద్యేనని, దానికీ ఒక చరిత్ర ఉందని ఎవరూ రాయగా నేను చూడలేదు. మద్రాసు–కలకత్తా రోడ్డు, హైదరాబాదు–బందరు రోడ్డు కలిసే ఊరు మాది. 1960ల్లో ఆటోనగర్ వెలిశాక ఆ రెండు రోడ్ల మీద తిరిగే బళ్లన్నీ ఏదో ఒక రోజు అక్కడికి రావాల్సిందే. కొత్త కారు బుక్ చేస్తే ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన కాలం, ఉన్న బండిని పారేసే ప్రశ్నే లేదు. సామాను మార్చడం ఆఖరి మాట. బుష్ అరిగితే కొత్త బుష్ టర్నింగ్ చేయించి, రీమర్ కొట్టి కూర్చోబెట్టేవాళ్లు. అందుకని అరిగింది ఏ బుష్షో ముందు కచ్చితంగా తెలియాలి. తప్పు జాయింటు విప్పితే ఒక పూట పోయినట్టే.

మా మేస్త్రి బండి యజమానిని అడిగేవాడు కాదు, డ్రైవర్‌ని అడిగేవాడు.

“ఎటు లాగుతోందయ్యా?”

“ఎడమకండి.”

“ఎప్పుడూ లాగుతుందా, బ్రేకు కొడితేనేనా?”

సగం పని ఆ రెండో ప్రశ్నతోనే తేలిపోయేది. బ్రేకు కొట్టినప్పుడే లాగితే చూడాల్సింది డ్రమ్ములు. ఎప్పుడూ లాగితే ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి ఒక చుట్టు తిప్పి రమ్మనేవాడు. లాగుడు కుడికి మారిందంటే దోషం టైరుది. మారకపోతే అప్పుడు కింద పడుకునేవాళ్లం.

స్టీరింగ్ లూజు చూసేటప్పుడు మాత్రం జాకీ ఎత్తనిచ్చేవాడు కాదు. బండి బరువు చక్రాల మీదే ఉండాలి. ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ని రెండు మూడు అంగుళాల మేర అటూ ఇటూ ఆడిస్తుంటే, ఇంకొకరు కింద టై రాడ్ ఎండ్ మీద నాలుగు వేళ్లూ చుట్టి పట్టుకోవాలి. రాడ్ కదిలి ఆర్మ్ కాస్త ఆలస్యంగా కదిలితే ఆ తేడా కంటికి ఆనదు. వేళ్ల కింద చిన్నగా టిక్కుమంటుంది. రెండు వైపులా రాడ్ ఎండ్‌లు గట్టిగా ఉంటే చెయ్యి రాక్ బూటు మీదికి పోవాలి. రబ్బరు చిరిగితే వేలికి నూనె తగులుతుంది. నూనె కారిపోయి దుమ్ము చేరిన రాక్ ఎక్కువ కాలం బతకదు. పాత అంబాసిడర్లలో గేర్ రాడ్ కూడా స్టీరింగ్ కాలమ్ మీదే ఉండేది కాబట్టి, అక్కడి గలగలని రాక్ చప్పుడనుకుని మోసపోయిన షెడ్లు చాలా ఉన్నాయి.

జాకీ ఆ తర్వాత. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే కదిలిందనుకోండి, అది వీల్ బేరింగ్ కావచ్చు, కింగ్ పిన్ కావచ్చు. లోపలి మనిషిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపాలి. బ్రేకు డ్రమ్ముని బిగించేస్తుంది కాబట్టి బేరింగ్ లూజు మాయమవుతుంది. అప్పటికీ కదిలితే కింగ్ పిన్. ఈ ఒక్క కిటుకు వల్ల ఎన్ని బళ్లకు అనవసరపు ఖర్చు తప్పిందో! కింగ్ పిన్‌కి కావాల్సిందల్లా వేళకి గ్రీజు. నిపిల్‌లో మట్టి గట్టిపడితే గన్ను ఎంత కొట్టినా గ్రీజు పక్కకే వస్తుంది, లోపలికి పోదు. స్టీరింగ్ బరువైపోయిందని వచ్చిన బండికి టైర్లలో గాలి సరిగ్గానే ఉంటే రెండు టై రాడ్లూ విప్పి చూసేవాళ్లం. స్టీరింగ్ తేలికగా తిరిగితే జబ్బు చక్రాల దగ్గర, అప్పటికీ బరువుగానే ఉంటే రాక్‌లో.

ఫియట్‌దీ జీపుదీ వేరే కథ. వాటికి స్టీరింగ్ బాక్స్ ఉండేది, బాక్సుకి బిగించే స్క్రూ ఉండేది. ఆ స్క్రూ వల్ల జరిగినంత చెడుపు మరి దేనివల్లా జరగలేదని నా గట్టి నమ్మకం. బండి ఎక్కువసేపు నడిచేది తిన్నగానే కాబట్టి బాక్స్‌లో గేరు మధ్య భాగమే అరుగుతుంది. అక్కడి లూజు పోయేదాకా స్క్రూ బిగిస్తే, అరగని చివర్లలో స్టీరింగ్ పట్టేస్తుంది. మలుపు తిప్పిన డ్రైవర్‌కి చక్రం తిరిగి రాదు. టై రాడ్ ఎండ్ అరిగితే దాన్ని వదిలేసి ఈ స్క్రూ బిగించి పంపిన షెడ్లు ఉన్నాయి. అది పని ఎగ్గొట్టడం మాత్రమే కాదు, మనిషి ప్రాణంతో ఆడుకోవడం. జీపులో మధ్యనుండే బెల్ క్రాంక్ బుష్ పోతే ముందు చక్రాలు రెండూ గడగడా వణికేవి. దానికి కూడా ముందు బాక్సే బిగించేవాళ్లు.

అలైన్‌మెంట్‌కి అప్పుడు యంత్రం లేదు. టైరు నడుమ చాక్‌పీసు రాసి, చక్రం తిప్పుతూ మేకుతో సన్నని గీత గీసేవాళ్లు. ముందు భాగంలో గీతకీ గీతకీ మధ్య దూరం కొలిచి, బండిని నెట్టి అవే గీతలు వెనక్కి వచ్చాక మళ్లీ కొలిచేవాళ్లు. ఆ తేడాయే టో-ఇన్.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. సీలు వేసిన బాల్ జాయింట్లు వచ్చాయి, గ్రీజు నిపిల్ పోయింది. అరిగితే మొత్తం మార్చేయడమే. దాన్ని నేను తప్పుపట్టను. సామాను దొరుకుతున్నప్పుడు అరిగినదాన్ని సాగదీయడం దేనికి? తర్వాత పవర్ స్టీరింగ్ వచ్చి, చేతికి తెలిసే బరువు తేడాల్ని చాలావరకు మింగేసింది. కంప్యూటర్ అలైన్‌మెంట్ కోణాన్ని డిగ్రీల్లో చెబుతుంది. లూజు జాయింటు మీద తీసిన ఆ కొలత బండి గేటు దాటేలోపే మారిపోతుంది. అందుకే నాకు తెలిసిన మంచి షెడ్లలో ఇవాళ్టికీ తెరకేసి చూసే ముందు ఒక కుర్రాణ్ణి బండి కిందికి పంపి, టై రాడ్ పట్టుకోమంటారు.