అమరావతి శిల్పాలు – దత్తాంశ జాలంలో లేని రాళ్లు

కృష్ణానది దక్షిణపుటొడ్డున, పత్తి, మిరప చేల నడుమనున్న అమరావతి స్తూపపు దిబ్బకు దీపాలదిన్నె అని పేరు. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు పట్టణం కట్టించినప్పుడు దాని రాళ్లు కొన్ని కట్టడాల్లోకి చేరాయి. కొన్ని సున్నంగా కాలిపోయాయి. కాలిన్ మెకంజీ 1816 తర్వాత మిగిలిన వాటికి చిత్రాలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసుకు, అక్కడినుంచి 1859లో లండన్‌కు తరలాయి.

ఇలా చెదిరిన స్తూపాన్ని కూర్చడానికి లింక్డ్ డేటా పద్ధతి తగినది. ఇందులో ఫలకం, చిత్రం, శాసనం, తవ్వకం ఒక్కొక్కటీ ఒక బిందువు. సంబంధం ఒక గీత. బ్రిటిష్ మ్యూజియం 2011లో తన సేకరణల వివరాలను ఈ రూపంలో వెలువరించింది. ఆ జాలాన్ని వర్చువల్ రియాలిటీలో నిలిపితే పరిశోధకుడు దాని మధ్య నడిచి చూడవచ్చు.

లండన్‌లోని ఒక ఫలకానికి ఒకవైపు క్రీ.పూ. 1వ శతాబ్దపు బోధివృక్షం, ఖాళీ ఆసనం ఉన్నాయి. క్రీ.శ. 3వ శతాబ్దంలో అదే రాయిని తిప్పి స్తూపాన్ని చెక్కారు. పట్టికలోని ఒక్క తేదీ గడి దీనికి చాలదు. జాలంలోనైతే ఒకే రాతికి రెండు చెక్కడాలను రెండు ఘటనలుగా కలపవచ్చు. చుట్టూ తిరిగి రెండు వైపులా చూడవచ్చు.

అసలు చిక్కు వేరు. మెకంజీ చిత్రాలు కొన్నింటికి నేడు రాయి లేదు. ఆ చిత్రం నుంచి బయలుదేరిన గీత ఎక్కడికి చేరాలి? మ్యూజియం వస్తువులతోనే జాలం అల్లితే, మిగిలిన రాళ్లే స్తూపమని ఆ దృశ్యం నమ్మిస్తుంది. మ్యూజియంలు వాడే సిడాక్ నమూనాలో నాశనానికి విడిగా ఒక ఘటనావర్గం ఉంది. సున్నమైన రాతికీ ఒక బిందువు కేటాయించి, దాని చిత్రాన్ని, కాల్చిన ఘటనను దానికి తగిలించడం సాధ్యమే.