కాకువు లేని లేఖ: కార్యాలయ, వాణిజ్య ఈ-మెయిళ్లలో స్వరం – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

ఒకే వాక్యం పలికే తీరునుబట్టి ప్రార్థన కావచ్చు, ఆజ్ఞ కావచ్చు, ఎత్తిపొడుపూ కావచ్చు. ఈ కంఠధ్వని భేదాన్నే ఆలంకారికులు 'కాకువు' అన్నారు. 11వ శతాబ్దికి చెందిన మమ్మటుడు కావ్యప్రకాశంలో ఆర్థీవ్యంజనకు హేతువులుగా వక్త, బోద్ధవ్యుడు, కాకువు, వాక్యం, వాచ్యం, అన్యసన్నిధి, ప్రస్తావం, దేశం, కాలం మొదలైనవాటిని పేర్కొన్నాడు. ఈ-మెయిలులో వీటిలో కాకువు పూర్తిగా లోపిస్తుంది. నిజానికి ఏ లేఖలోనైనా అది లేదు. అయితే సంభాషణంత వేగంగా సాగే లేఖ కావడంవల్ల ఈ-మెయిలులో ఆ లోటు ఎక్కువగా బయటపడింది. దాన్ని పూరించడానికి జరిగిన ప్రయత్నాలను, అవి తెలుగు లేఖకు ఎంతవరకు వర్తిస్తాయన్న విషయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. తొలి వాణిజ్య సందేశం

1971లో రే టామ్లిన్‌సన్ అర్పానెట్ ద్వారా ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు సందేశం పంపాడు. తొలినాళ్ల వాడుకరులు ప్రధానంగా పరిశోధకులు. వక్తకూ బోద్ధవ్యునికీ ఉన్న సంబంధం ముందే తెలిసినది. 1978 మేలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ విక్రయ విభాగానికి చెందిన గ్యారీ థ్యూర్క్ తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు ఆహ్వానిస్తూ సుమారు 400 మందికి ఒకే సందేశం పంపడంతో ఆ సంబంధం మారిపోయింది. సందేశమంతా పెద్ద అక్షరాలలోనే ఉంది. గ్రహీతల చిరునామాల జాబితా శీర్షభాగంలో పట్టక సందేశంలోకి కూడా పారింది. ప్రభుత్వ కార్యాలకు ఉద్దేశించిన వ్యవస్థను ఇలా వాడడం తప్పని నిర్వాహకులు మందలించారు.

ఈ సందర్భంలో రిచర్డ్ స్టాల్‌మన్ స్పందన గమనార్హం. సందేశాన్ని చూడకముందు అతడు దానిని పెద్ద నేరంగా భావించలేదు. చూసిన తరువాత అభిప్రాయం మార్చుకున్నాడు. అందుకు కారణం సందేశంలోని విషయం కాదు, అంతులేని ఆ చిరునామాల పట్టిక. మమ్మటుని పరిభాషలో చెప్పాలంటే, ఇక్కడ స్వరాన్ని నిర్ణయించినది వాచ్యం కాదు, అన్యసన్నిధి. నేటి కార్యాలయాలలోనూ ఇదే జరుగుతుంది. ఉద్యోగికి నేరుగా పంపిన సూచన, పై అధికారికి ప్రతి జోడించగానే ఫిర్యాదుగా ధ్వనిస్తుంది. మాటలలో ఒక్క అక్షరమూ మారనవసరం లేదు.

3. గుర్తులు, మర్యాదలు

1982 సెప్టెంబరు 19న కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్కాట్ ఫాల్‌మన్ హాస్యాన్ని సూచించడానికి పక్కకు తిరిగిన నవ్వుముఖాన్ని ప్రతిపాదించాడు. లిఫ్టులో పాదరసం ఒలికిందన్న పరిహాసాన్ని కొందరు నిజమైన హెచ్చరికగా భ్రమపడడం దీనికి నేపథ్యం. కోల్పోయిన కాకువుకు దృశ్యరూపం కల్పించే యత్నమిది. 1986లో లీ స్ప్రౌల్, శారా కీస్లర్ ఒక పెద్ద సంస్థ ఈ-మెయిళ్లను పరిశీలించి, ఈ మాధ్యమంలో సామాజిక సందర్భ సూచికలు తగ్గిపోతాయని, హోదాభేదం పలచబడుతుందని నిరూపించారు. 1995 నాటి నెట్ మర్యాదల పత్రం పెద్ద అక్షరాలను అరుపుగా పరిగణించింది. ఆవేశంతో రాసే జవాబును మరునాటిదాకా ఆపమన్నది. 2005లో జస్టిన్ క్రూగర్ బృందం జరిపిన ప్రయోగాలలో, తమ వ్యంగ్యాన్ని గ్రహీత పోల్చుకోగలడని రచయితలు అతిగా విశ్వసించినట్లు తేలింది. రాసేటప్పుడు తన కంఠం తనకు వినిపిస్తూనే ఉంటుంది. చదివేవానికి అది వినిపించదు.

4. తెలుగు లేఖలో స్వరస్థానం

పెద్ద అక్షరం అరుపు అన్న నియమం తెలుగువారి దగ్గర నిలవలేదు. 1990లలో ఇంటర్నెట్ చర్చావేదికలలో తెలుగును రోమన్ లిపిలో రాసినవారు వాడిన రైస్ లిప్యంతరీకరణ పద్ధతిలో చిన్న 'టి' తకారం, పెద్ద 'టి' టకారం. అక్కడ పెద్ద అక్షరం కోపానికి కాదు, మూర్ధన్యానికి గుర్తు. స్వరసూచిక ఏ భాషకైనా ఒకటే కాదనడానికి ఇది చిన్న నిదర్శనం.

సంప్రదాయ తెలుగు లేఖ సంబోధనలోనే స్వరాన్ని స్థిరపరచింది. మహారాజశ్రీ, చిరంజీవి, చి.ల.సౌ. వంటివి వయస్సును, హోదాను, స్త్రీల విషయంలో వైవాహిక స్థితిని సైతం ప్రకటించాయి. ఆ అసమానతలతో పాటు ఆ సంబోధనలూ చాలావరకు తొలగిపోవడం సముచితమే. అయినా స్వరభారాన్ని క్రియాపదం నేటికీ మోస్తున్నది. 'పంపండి', 'పంపగలరు', 'పంపవలసినది', 'పంపవలసిందిగా మనవి' అన్న నాలుగింటిలోనూ కోరిక ఒకటే. మొదటిది సాధారణ మర్యాద, రెండవది గౌరవంతో కూడిన అభ్యర్థన, మూడవది అధికార వచనం, నాలుగవది విన్నపం. ఇక 'తెలియజేయడమైనది' అన్న కార్యాలయ ప్రయోగం కర్తనే లోపింపజేసి బాధ్యతను ఎవరిదీ కాకుండా చేస్తుంది.

ఆంగ్లం నుండి అనువదించిన వాణిజ్య సందేశాలలో ఈ భేదాలు అణగిపోతున్నాయి. 'దయచేసి మీ బకాయిని వెంటనే చెల్లించండి' అన్న వాక్యంలో 'దయచేసి' ఉన్నా స్వరం హెచ్చరికదే. 'బకాయి చెల్లించగలరు' అన్నదానిలో ఆ పదం లేకపోయినా మర్యాద ఉంది. మర్యాదను విడి పదాలలో వెదికే స్వర విశ్లేషణ యంత్రం మొదటిదాన్ని వినయమని, రెండవదాన్ని తటస్థమని పొరబడే అవకాశం ఉంది.

5. ముగింపు

ఈ చరిత్రలో స్వరం మాటల లోపల మాత్రమే ఉన్నది కాదని స్పష్టమవుతున్నది. ఎవరు, ఎవరికి, ఎవరి ఎదుట రాస్తున్నారన్నది దానిని నిర్ణయిస్తుంది. తెలుగులో ఆ సంబంధం క్రియాంతంలో నిక్షిప్తమై ఉంటుంది. వినియోగదారునికి వచ్చే తాఖీదు, ఉద్యోగికి వచ్చే సంజాయిషీ కోరిక యంత్రాల ద్వారా వడపోతకు గురవుతున్న ఈ కాలంలో, ఆ క్రియాంతాల అర్థభేదాలను వర్గీకరించి చూపడం తెలుగు శాఖల బాధ్యత. లేఖారచనను నమూనా పత్రాల కంఠస్థానికి పరిమితం చేయక, కాకు విచారంగా బోధించినప్పుడే ఆ పని తరగతి గదిలో మొదలవుతుంది.