నీటి ద్వారం మూస్తే కణితి ఆగుతుందా?

ఎర్ర రక్తకణాల పొరలో నీటికి దారి ఇచ్చే ప్రొటీన్ ఉందని పీటర్ ఏగ్రే బృందం 1992లో నిరూపించింది. ఆ ప్రొటీన్ తయారు చేసే ఆర్ఎన్ఏ ఎక్కించిన కప్ప అండకణాలు పలుచని ద్రవంలో నిమిషాల్లోనే ఉబ్బి పగిలాయి. ఎక్కించనివి పగల్లేదు. అదే ఆక్వాపోరిన్-1. మనిషిలో ఈ కుటుంబానికి చెందినవి 13 ఉన్నాయి. కొన్ని కణితుల్లో వీటి మోతాదు బాగా పెరిగి కనబడటంతో, వీటిని తగ్గించి చూద్దామన్న ఆలోచన వచ్చింది.

తగ్గించే సాధనం ఎస్ఐఆర్ఎన్ఏ. జన్యువు జోలికి పోకుండా, ప్రొటీన్ తయారీకి దాన్నుంచి వెలువడే ఆర్ఎన్ఏను మాత్రం ఇది తెగిపోయేలా చేస్తుంది. ఆక్వాపోరిన్-1, 3, 5లను ఇలా అణచినప్పుడు ప్రయోగశాలలో పెంచిన పలు క్యాన్సర్ కణాల విభజనో, కదలికో మందగించినట్టు నివేదికలు ఉన్నాయి.

అయితే మందగించింది నీరు ఆగినందుకేనా? ఇక్కడే తొందర పనికిరాదు. 2005లో వెలువడిన ఎలుకల అధ్యయనాన్నే చూడండి. అందులో వాడింది ఎస్ఐఆర్ఎన్ఏ కాదు, ఆక్వాపోరిన్-1 జన్యువు పుట్టుకతోనే లేని ఎలుకలు. వాటిలో నాటిన కణితులు సరిగా ఎదగలేదు. రక్తనాళాలు పలచబడ్డాయి, కణితి లోపలి కణాలు చచ్చిపోయాయి. కానీ ఆ ఎలుకల రక్తనాళపు లోపొర కణాలను విడిగా పెంచి చూస్తే విభజన మామూలుగానే ఉంది. దెబ్బతిన్నది కదలిక. నాటిన క్యాన్సర్ కణాల్లో జన్యువును ముట్టుకోలేదు కూడా. అంటే ఆగింది కణితికి రక్తం తెచ్చే దారి.

ఆక్వాపోరిన్-3 కథ వేరు. అది లేని ఎలుకలకు చర్మకణితులు తేలిగ్గా రావని 2008లో తేలింది. పరిశోధకులు దానికి చూపిన కారణం నీరు కాదు, అదే దారిన వెళ్లే గ్లిసరాల్. హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా ఆ దారినే పోతుంది. కాలేయ క్యాన్సర్‌లోనైతే ఆక్వాపోరిన్-9 పెరగడం కాదు, తగ్గడం కనిపించింది. కాబట్టి అన్నిటినీ ఒకే గాటన కట్టి 'నీటి ద్వారాలు మూయాలి' అనడం తప్పని నా అభిప్రాయం.

మందు దాకా రావడం మరో సమస్య. 2018లో అనుమతి పొందిన తొలి ఎస్ఐఆర్ఎన్ఏ మందు పాటిసిరాన్ పనిచేసేది కాలేయంలో. కొవ్వు కణికల్లో చుట్టి ఎక్కించింది అక్కడికి సులువుగా చేరుతుంది, మిగతా అవయవాల్లోని కణితులకు అంత తేలిగ్గా చేరదు. పైగా ఈ ప్రొటీన్లు మూత్రపిండాలకూ అవసరం. ఆక్వాపోరిన్-1 పుట్టుకతో లేని అరుదైన వ్యక్తులు మామూలుగానే జీవిస్తున్నా, నీళ్లు అందనప్పుడు మూత్రాన్ని తగినంత చిక్కబరచలేరు.

ఎస్ఐఆర్ఎన్ఏ గురితప్పి వేరే జన్యువులనూ అణచగలదు. అందుకే అణచిన కణాల్లోకి దానికి చిక్కని ఆక్వాపోరిన్‌ను తిరిగి పెట్టి, పెరుగుదల మళ్లీ పుంజుకుంటుందో లేదో చూడాలి. నీటిని పోనివ్వకుండా మార్చిన రూపాన్నీ అలాగే పెట్టి పోల్చాలి. అది పెట్టినా పెరుగుదల తిరిగొస్తే, కారణం నీరు కాదు.