మైనర్‌గా వెబ్ డెవలప్‌మెంట్: కొండ దిగి చూస్తే కనిపించే చరిత్ర



డిగ్రీలో చేరే మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది. మేజర్ ఏదో ఒకటి ఖాయం చేసుకున్నాం, మైనర్‌గా కంప్యూటర్ తీసుకుని వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటే మనకి అబ్బుతుందా, దాంతో ఏం లాభం అని. కెరీర్ గైడెన్స్ చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు, అది వాళ్లకి వదిలేస్తాం. ఈ చదువు మన పాచిపెంట దాకా ఏ దారిన వచ్చిందో, దాన్ని పుట్టించినవాళ్లు ఎవరో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. అందుకే ఈ పోస్టు. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

ముందు మన ఊరి సంగతి. పాచిపెంట జమీందార్లకి 'దక్షిణ కవాట యువరాజు' అని బిరుదు ఉండేదని పాత విశాఖపట్నం జిల్లా గెజిటీర్లు రాశాయి. దక్షిణం వైపు తలుపు కాసేవాడని దాని అర్థం. జయపురం రాజ్యానికి మైదానం నుంచి వెళ్లే కనుమ మన దగ్గరే ఉంది. ఇప్పుడు సాలూరు నుంచి పి.కోనవలస మీదుగా సుంకి, పొట్టంగి, కోరాపుట్ పోయే ఘాట్ రోడ్డు, ఒకప్పటి 43, ఇప్పటి 26వ నంబరు జాతీయ రహదారి, ఆ కనుమదారికి వారసురాలే. తలుపు మన దగ్గరుంది గానీ, దాని గుండా పోయే సరుకులో మన వాటా ఎప్పుడూ తక్కువే. లారీలు ఎక్కుతాయి, దిగుతాయి, మనం పక్కన నిలబడి చూస్తాం. చదువుల విషయంలోనూ చాలాకాలం ఇంతే జరిగింది.

మన ఇళ్లలో పెద్ద చదువంటే టీచర్ చదువే. 'డైట్‌లో సీటొస్తే చాలు, ఎస్‌జీటీ అయిపోతే చాలు' అనే మాట వినని ఇల్లు ఏజెన్సీలో ఉండదు. దానికి కారణం ఉంది. 1986లో జీవో 275, అది నిలవకపోతే 2000 జనవరి 10న జీవో నంబర్ 3 వచ్చాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అన్నారు. మన మండలంలో కొన్ని ఊళ్లు షెడ్యూల్డ్, కొన్ని కావు, ఆ గొడవ వేరే ఉంది. ఏమైనా రెండు తరాల పిల్లలు ఆ ఒక్క దారి పట్టుకునే చదివారు. ఆ తర్వాత 2020 ఏప్రిల్ 22న, లాక్‌డౌన్‌లో అందరూ ఇళ్లలో ఉన్నప్పుడు, సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం నూరు శాతం చెల్లదని తేల్చేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల జోలికి పోలేదు గానీ, వెనక వచ్చేవాళ్ల దారి ఇరుకైపోయింది. ఆ పోరాటం ఆగకూడదు, అందులో మాకు రెండో మాట లేదు. కానీ డిగ్రీలో మైనర్ పేరుతో కొత్త పేపర్లు మన ముందుకొచ్చిన కాలం కూడా సరిగ్గా ఇదే. అందుకే ఏ మైనర్ తీసుకోవాలన్న ప్రశ్న మన పిల్లలకి సరదా ప్రశ్న కాదు.

మైనర్ అనగానే పాత సినిమాల్లో పట్టులాల్చీ మైనర్ బాబు గుర్తొస్తాడు కొందరికి. అది కాదులెండి. మన డిగ్రీ చాలాకాలం మూడు సబ్జెక్టుల ముడి: హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ ఒక కట్ట, మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఇంకో కట్ట. బీఏ వాడికి కంప్యూటర్ ల్యాబ్ గుమ్మం తొక్కే పని లేదు. 2020లో ఏపీ సిలబస్ మార్చినప్పుడు కంప్యూటర్ సైన్స్ వాళ్లకి వెబ్ పేజీల డిజైనింగ్, పీహెచ్‌పీ-మైఎస్‌క్యూఎల్‌తో వెబ్ అప్లికేషన్లు అనే స్కిల్ పేపర్లు పెట్టారు. అవి ఆ గ్రూపు వాళ్లకే. 2023-24 నుంచి ఒక మేజర్, ఒక మైనర్ పద్ధతి వచ్చింది. 2022 డిసెంబర్‌లో యూజీసీ ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, అందులో మైనర్‌కి 24. పేపరుకి నాలుగు క్రెడిట్లు వేసుకుంటే ఆరు పేపర్లు. ఇంజనీరింగ్‌లో అయితే లెక్క వేరు. అక్కడ మామూలు బీటెక్ మీద మరో పద్దెనిమిది, ఇరవై క్రెడిట్లు అదనంగా చేస్తే మైనర్ డిగ్రీ అంటారు. కురుపాం గిరిజన ఇంజనీరింగ్ కాలేజీ వైపు చూస్తున్నవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలు కథ. పక్క చదువుగా మీకు చెప్పే ఈ వెబ్, పుట్టినప్పుడు కూడా పక్క పనే. స్విట్జర్లాండ్‌లో సెర్న్ అనే అణుభౌతిక పరిశోధనశాల ఉంది. అక్కడ టిమ్ బెర్నర్స్-లీని తీసుకున్నది వెబ్ కనిపెట్టమని కాదు. అక్కడికి వందల మంది శాస్త్రవేత్తలు వస్తారు, పోతారు, వాళ్ల కాగితాలు ఏ కంప్యూటర్లో ఉన్నాయో ఎవరికీ తెలీదు. ఆ చిరాకులోంచి 1989 మార్చిలో ఒక ప్రతిపాదన రాశాడు. పైఅధికారికి అది పూర్తిగా అర్థం కాలేదు, అయినా చేసుకో అని వదిలేశాడు. 1990 చివరికి మొదటి పేజీ నడిచింది, 1991లో బయటివాళ్లకి తెలిసింది.

మనకి ముఖ్యమైన తేదీ మాత్రం 1993 ఏప్రిల్ 30. ఆ రోజు సెర్న్ ఈ వెబ్‌ని ఎవరైనా వాడుకోవచ్చు, రుసుము లేదు, అనుమతి అక్కర్లేదు అని కాగితం మీద రాసిచ్చింది. అప్పటికి వెబ్‌కి గోఫర్ అనే పోటీదారు ఉండేది, అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీది. చాలాచోట్ల అదే ముందుండేది. అదే 1993లో ఆ యూనివర్సిటీ సర్వర్‌కి లైసెన్స్ ఫీజు అంది. జనం జారిపోయారు. పాచిపెంట పిల్లోడు పైసా కట్టకుండా పేజీ రాసి ఫోన్‌లో తెరుచుకుంటున్నాడంటే ఆ ఏప్రిల్ నాటి కాగితం వల్లే. ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు, ఫైల్ మీ ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. టవర్ అందని ఊళ్లవాళ్లు ఈ మాట గట్టిగా పట్టుకోండి.

1995 సంవత్సరం ఇంకా తమాషా. ఆ మే నెలలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్ట్ మొదటి రూపం రాసిపడేశాడు. జూన్‌లో రాస్మస్ లెర్డోర్ఫ్ పీహెచ్‌పీని బయటపెట్టాడు. అది ఎందుకు రాసుకున్నాడంటే, తన బయోడేటా పేజీని ఎవరెవరు చూస్తున్నారో లెక్కపెట్టుకోడానికి. ఉద్యోగం వేటలో ఉన్న కుర్రాడి పనే కదా ఇది! పరీక్షలో ఎనిమిది మార్కుల ప్రశ్నగా చదివే పీహెచ్‌పీ అలా మొదలైంది. పేజీకి రంగులు, కొలతలు దిద్దే సీఎస్‌ఎస్ అంతకు ముందేడాది హోకన్ లీ ప్రతిపాదన. మన సాలూరు లారీ షెడ్లు చూసినవాళ్లకి ఈ మూడూ వేరేగా చెప్పక్కర్లేదు: చట్రం హెచ్‌టీఎంఎల్, బాడీ మీద రంగు సీఎస్‌ఎస్, తిప్పితే కదిలేది జావాస్క్రిప్ట్. అదే 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో ప్రజలకి ఇంటర్నెట్ ఇచ్చింది, అదీ పెద్ద నగరాల్లోనే. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. ఘాట్ ఎక్కి పైకి రావడానికి దానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 2021 నవంబర్‌లో కేంద్రం సిగ్నల్ లేని ఊళ్లకి 4జీ ఇవ్వాలని పథకం పెట్టింది. అయిదు రాష్ట్రాల్లో 7,287 ఊళ్లు, అందులో మన అప్పటి విజయనగరం జిల్లా కూడా ఉంది. నగరానికీ మనకీ పాతికేళ్ల తేడా అన్నమాట.

తెలుగు సంగతి చూద్దాం. యూనికోడ్ మొదటి రూపంలోనే, 1991లోనే, తెలుగు అక్షరాలకి చోటు దొరికింది. దొరికి ఏం లాభం, కంప్యూటర్లు చూపించాలి కదా. ఒక్కో పత్రికకి ఒక్కో సొంత ఫాంట్ ఉండేది. ఒకరి ఫాంట్ లేకపోతే వాళ్ల పేజీ మనకి పిచ్చి గీతల్లా కనిపించేది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంట్‌తో వచ్చాక కాస్త దారి పడింది. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియా మొదలైంది. దాన్ని మొదలుపెట్టిన వెన్న నాగార్జున, ఆ పత్రికల ఫాంట్లని యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే పనిముట్టు కూడా రాశాడు. వీవెన్ 'లేఖిని' చేశాడు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే వెబ్ పేజీ అది. ఎంతమంది తెలుగువాళ్లు మొదటిసారి నెట్‌లో తెలుగు రాసింది దాని మీదేనో! ఇవేవీ ప్రభుత్వం ఆర్డర్ ఇచ్చి చేయించినవి కావు. సొంత ఉద్యోగాలు చేసుకుంటూ, మిగిలిన టైములో చేసిన పనులు. ఒక్కసారి లేఖిని పేజీ తెరిచి దాని కోడ్ చూడండి. మీ మైనర్‌లో నేర్పే జావాస్క్రిప్ట్‌తో ఏం చేయొచ్చో అక్కడ కనిపిస్తుంది.

ఇక మన భాషలు. గిడుగు రామమూర్తి గారిని తెలుగు భాషా దినోత్సవం నాడు వ్యావహారిక భాష కోసం తలుచుకుంటారు, మంచిదే. మనం తలుచుకోవాల్సింది ఇంకో గిడుగుని. ఆయన పర్లాకిమిడిలో బడి పంతులు, చెప్పేది చరిత్ర పాఠం. ఊళ్లోకొచ్చే సవరల మాట అర్థం చేసుకోవాలని ఆ భాష నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో మేజర్, మైనర్ అనే మాటలు లేవు గానీ, చరిత్ర ఆయన మేజర్, సవర ఆయన మైనర్ అనుకోండి. ఆ మైనర్ మీద ఏళ్లకేళ్లు కూర్చుని 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. సవర పిల్లలకి వాళ్ల మాటలోనే బడులు ఉండాలన్నాడు. 1936లో మంగెయి గొమాంగో, ఈయన సవర బిడ్డే, సవరకి సొంత లిపి 'సొరంగ్ సొంపెంగ్' తయారుచేశాడు. కొండల్లో మాట్లాడే మాటకి కొండల మనిషే అక్షరం చెక్కాడు. ఆ అక్షరాలకి యూనికోడ్‌లో చోటు వచ్చింది 2012 జనవరిలో. డెబ్బై ఆరేళ్లు. ఇప్పుడు గూగుల్ నోటో ఫాంట్లలో అది ఉచితంగా దొరుకుతుంది.

మన పాచిపెంట, సాలూరు వైపు వినిపించే కువి, కొండ మాటలకి సొంత లిపి లేదు. కొండ భాష మీద భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1969లో పెద్ద పుస్తకం వేశారు. అయినా మన కొండదొరల ఇళ్లలో ఇప్పుడు చాలాచోట్ల తెలుగే నడుస్తోంది. 2004 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో బహుభాషా బోధన పేరుతో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల వాచకాలు తెచ్చారు. సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా అందులో ఉన్నాయి, అన్నీ తెలుగు లిపిలో. అప్పటి డీటీపీ పని చాలావరకు పాత ఫాంట్లలోనే సాగేది. అలాంటి ఫైళ్లని ఇవాళ తెరిస్తే అక్షరాల బదులు గుర్తులు పడతాయి. తెలుగుకి పద్మ చేసిన పని మన వాచకాలకి ఇంకా జరగాల్సి ఉంది.

మైనర్‌లో వెబ్ తీసుకునే ముందు ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పేరెందుకు గానీ, మాలో కొందరం చదివిన ఒక కాలేజీలో వెబ్ పేపరు బోర్డు మీద చాక్‌పీసుతో చెప్పారు. టేబుల్ ట్యాగ్ ఎలా రాయాలో బట్టీపట్టి రికార్డులో రాసి సంతకం పెట్టించుకున్నాం. సెమిస్టర్ అయ్యేదాకా ఒక్క పేజీ తెర మీద కనపడలేదు. ల్యాబ్ ఉందా, వారానికి ఎన్ని గంటలు సిస్టమ్ ముందు కూర్చోనిస్తారు, సార్ ఆ సబ్జెక్టు వాడేనా లేక వేరే సబ్జెక్టు నుంచి సర్దినవాడా, ఇవి అడిగాకే ఫారం నింపండి. ల్యాబ్ లేదంటే ఎన్‌పీటెల్, స్వయం కోర్సులు ఉచితంగా ఉన్నాయి. స్వయం 2017లో మొదలైంది. పాఠం వినడానికి డబ్బు కట్టక్కర్లేదు, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. ఆ క్రెడిట్లు డిగ్రీకి కలుస్తాయో లేదో మీ కాలేజీలో ముందే కాగితం మీద అడగండి.

చివరగా ఒక చిన్న సంగతి. ప్రతి వెబ్ పేజీ మొదట్లో అది ఏ భాషదో చెప్పే చోటు ఉంటుంది, దాన్ని లాంగ్ అంటారు. తెలుగు పేజీ అయితే అక్కడ 'టీఈ' అని రాస్తాం. ప్రపంచ భాషలన్నిటికీ ఇచ్చిన మూడక్షరాల గుర్తుల పట్టికలో మనవీ ఉన్నాయి: కువికి కేఎక్స్‌వీ, కొండకి కేఎఫ్‌సీ, సవరకి ఎస్ఆర్‌బీ. అంటే మన భాషల పేర్లతో చోటు ఎప్పుడో కేటాయించి ఉంది, నింపేవాళ్లే కావాలి. మీ ఇళ్లలో, మీ ఊరి బడి బీరువాల్లో ఆ 2004 తర్వాతి కువి, కొండ, సవర వాచకాలు ఏవైనా మిగిలుంటే పేజీలు ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. ఈ ఏడు మైనర్‌గా వెబ్ తీసుకున్నవాళ్లు మీ పేరు, కాలేజీ కింద రాయండి. ఒకటో తరగతి కువి వాచకంతో మొదలుపెడదాం.