నీటి మంచికి మూల్యం: పోరుమామిళ్ల శాసనం నుంచి 111వ జీవో వరకు

ఉపోద్ఘాతం

తాగే నీటికి తెలుగువారు పెట్టుకున్న పేరు 'మంచినీళ్లు'. అది నీటి పరిమాణాన్ని గాక గుణాన్ని చెప్పే మాట. ఉప్పునీళ్లు, చప్పనీళ్లు, మురుగునీళ్లు అనే మాటలు కూడా నీటిని రుచి చేత, శుభ్రత చేత వేరుచేసినవే. నీటి గుణం పట్ల భాషలో ఇంత స్పష్టత ఉంది. అయితే ఆ గుణాన్ని కాపాడే వ్యయం ఎవరిది అన్న ప్రశ్నకు చరిత్రలో వేర్వేరు కాలాల్లో వేర్వేరు సమాధానాలు లభించాయి. వాటిలో మూడింటిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మొదటిది మధ్యయుగ శాసనాలలో కనిపించే చెరువుల ఏర్పాటు. రెండవది హైదరాబాదులోని హుస్సేన్‌సాగర్ శుద్ధి. మూడవది అదే నగరానికి నీరిచ్చిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల పరీవాహక రక్షణ. నీటి శుభ్రతకయ్యే ఖర్చు ఎన్నడూ మాయం కాదని, అది ఖజానా మీదనో ఎగువ గ్రామాల మీదనో పడుతుందని, భరించేవారికి దక్కే ప్రతిఫలాన్ని చెప్పని ఏర్పాటు బలహీనమవుతుందని ఇక్కడి ప్రతిపాదన.

శాసనంలో చెరువు గుణదోషాలు

కడప ప్రాంతంలోని పోరుమామిళ్లలో విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు చెరువు నిర్మించి 1369లో సంస్కృత శాసనం వేయించాడు. చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అది వరుసగా పేర్కొంటుంది. రోజుకు వేయిమంది కూలీలు, రాళ్లు మోసే వంద బండ్లు పనిచేయగా రెండేళ్లలో నిర్మాణం పూర్తయిందని కూడా చెబుతుంది. అందువల్ల దీనిని ధర్మకార్య ప్రశస్తిగా మాత్రమే గాక నిర్మాణశాస్త్ర పాఠంగానూ చదవవలసి ఉంది.

పన్నెండు అంగాలలో తియ్యని నీటి నది ఒకటి. ఆరు దోషాలలో చవిటినేల ఒకటి. అంటే నీటి గుణం శాసనకర్త దృష్టిలో ఉంది. కాని అది స్థలాన్ని ఎంచుకునేటప్పుడే తేల్చుకోవలసిన విషయం. మంచి నది, మంచి నేల దొరికితే నీరు మంచిదిగానే ఉంటుందన్నది అందులోని భావన. తక్కిన దోషాలు కట్ట నుంచి నీరు ఊరడం, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ మెరక ఉండడం, ఆయకట్టుకు నీరు చాలకపోవడం, నీటికి తగిన నేల లేకపోవడం. ఎగువ మనుషుల చేతలవల్ల నీరు చెడడం ఈ జాబితాలో లేదు. సరిహద్దు దోషం మాత్రం ఆ ఆలోచనకు దగ్గరగా వస్తుంది. ఇద్దరు పాలకుల మధ్య ఉన్న నీటికి బాధ్యులెవరో తేలదన్న ఎరుక అందులో ఉంది.

దశబంధం: భరించేవాడికి వాటా

సప్తసంతానాలలో చెరువును కూడా చేర్చిన సంప్రదాయం నిర్మాతకు కీర్తిని వాగ్దానం చేసింది. కీర్తి నిర్మాణానికి ప్రేరణ కాగలదు గాని ఏటేటా జరగవలసిన మరమ్మతుకు చాలదు. ఆ లోటును పూరించినది దశబంధం. చెరువు తవ్వించినవారికి, బాగుచేసేవారికి భూమిలోనో రాబడిలోనో పదోవంతు ఇచ్చే ఈ ఏర్పాటు శాసనాల్లో కనిపిస్తుంది. వలసపాలన నాటి ఇనాం లెక్కల్లోనూ దశబంధం మాన్యాలు నమోదయ్యాయి. తెలంగాణ గ్రామాల్లో చెరువునీటిని పొలాలకు పంచే నీరటికి కూడా మాన్యం ఉండేది.

ఈ ఏర్పాటును ఆదర్శీకరించనవసరం లేదు. మాన్యం మిగిలి మరమ్మతు ఆగిన చోట్లూ ఉన్నాయి. దానశాసనాల చివర వచ్చే శాపవాక్యాలు కూడా సాధారణంగా దానాన్ని హరించేవారిని హెచ్చరించాయే గాని నీటిని చెరిచేవారిని కాదు. అయినా ఒక సూత్రం ఇందులో స్పష్టం. చెరువు నిలిస్తేనే మాన్యం పండుతుంది. కనుక కాపాడే పనిలో కాపాడేవాడి లాభం కూడా ఉంది.

హుస్సేన్‌సాగర్: చెడిన తరువాత ఖర్చు

ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, పదహారవ శతాబ్దిలో, హుస్సేన్‌సాగర్ నిర్మాణం జరిగింది. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాల వరకు అది తాగునీటి చెరువు. 1908 సెప్టెంబరు 28నాటి మూసీ వరదలో వేలమంది మరణించిన తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో ఎగువన రెండు జలాశయాలు ఏర్పడ్డాయి. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడంతో పాటు నగరానికి మంచినీరివ్వడం వాటి ప్రయోజనం. అవి వచ్చాక హుస్సేన్‌సాగర్ నీరు తాగవలసిన అవసరం తీరింది. దానిని శుభ్రంగా ఉంచవలసిన ఒత్తిడి కూడా ఆ మేరకు సడలింది.

తరువాతి కాలంలో ఎగువన బాలానగర్, సనత్‌నగర్, జీడిమెట్ల పారిశ్రామిక ప్రాంతాలు పెరిగాయి. కూకట్‌పల్లి నాలా పరిశ్రమల వ్యర్థాలను, ఇళ్ల మురుగును సాగర్‌లోకి చేర్చింది. శుద్ధికి ప్రజాధనం వెచ్చించవలసి వచ్చింది. 2006లో జపాన్ ప్రభుత్వ బ్యాంకు రుణంతో చెరువు, దాని పరీవాహక ప్రాంతాల అభివృద్ధి పథకం ఆరంభమైంది. నాలాల మురుగును మధ్యలోనే ఆపి మళ్లించడం, శుద్ధి కేంద్రాలు నెలకొల్పడం, పూడిక తీయడం ఇందులో ముఖ్యమైన పనులు.

ఈ పని కష్టం చెరువు అడుగున ఉంది. దశాబ్దాలుగా చేరిన నత్రజని, భాస్వరం బురదలో నిలిచి తిరిగి నీటిలోకి విడుదలవుతాయి. నాలాను మళ్లించినా పాత కాలుష్యం లోపలి నుంచి కొనసాగుతుంది. తీసిన బురదను సురక్షితంగా పారవేయడం మరో ఖర్చు. కలుషితం చేసినవారికి దక్కిన లాభం వారి దగ్గరే మిగిలింది. శుద్ధి భారం ఖజానాకు, తద్వారా పన్ను కట్టే ప్రతివారికీ చేరింది.

జంట జలాశయాలు: చెడకముందు రక్షణ

హుస్సేన్‌సాగర్ గతి ఎగువ జలాశయాలకు పట్టకూడదన్న ఆలోచన 1996 మార్చి 8నాటి 111వ జీవోలో కనిపిస్తుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల పూర్తి నీటిమట్టం నుంచి పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, కాలుష్యకారక పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు మొదలైనవాటిని అది నిషేధించింది. ఒక నూనెల పరిశ్రమకు ప్రభుత్వమే ఇచ్చిన మినహాయింపును 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు ముందుజాగ్రత్త సూత్రం ఆధారంగా రద్దుచేసింది. పోరుమామిళ్ల శాసనం స్థలనిర్ణయంలో చూపిన జాగ్రత్తే ఇక్కడ భూవినియోగ నియంత్రణగా మారిందనవచ్చు.

శుద్ధి పథకంతో పోలిస్తే ఇది ఖజానాకు చవక. అయితే ఆ ఖర్చు మాయం కాలేదు. నగరం చుట్టూ భూమి విలువ పెరుగుతున్న కాలంలో 84 గ్రామాల రైతులు ఆ పెరుగుదలను వదులుకోవలసి వచ్చింది. నీరు నగరానికి చేరింది, ఆంక్ష గ్రామంలో మిగిలింది. దశబంధం వంటి ప్రతిఫలమేదీ ఆ ఉత్తర్వులో లేదు. ఆంక్షలు ఎత్తివేయాలన్న కోరిక గ్రామాల్లో బలపడడానికి ఇదొక ప్రధాన కారణం. మరోవైపు మంజీర, కృష్ణా, గోదావరి జలాలు నగరానికి చేరడంతో సరఫరాలో జంట జలాశయాల వాటా తగ్గింది. ఆ కారణాన్ని చూపుతూ 2022 ఏప్రిల్‌లో 69వ జీవో ఆంక్షలను సడలించింది. నీటి నాణ్యత దెబ్బతినరాదన్న షరతు అందులో ఉంది. కాని ఆ షరతు నెరవేరాలంటే మురుగుశుద్ధి కేంద్రాలు, మళ్లింపు కాలువలు అవసరం. రక్షణ నుంచి తిరిగి శుద్ధికి, గ్రామం నుంచి తిరిగి ఖజానాకు భారం మారుతోందన్నమాట. హుస్సేన్‌సాగర్ విషయంలో జరిగినట్టే, నగరం మరో నీటిని తెచ్చుకున్నాక పాత నీటి కాపలా సడలింది.

ఉపసంహారం

పై పరిశీలన నుంచి రెండు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, చెడిన నీటిని బాగుచేయడం కన్నా చెడకుండా కాపాడడం ఖజానాకు తేలిక. అయితే ఆ తేలికదనం ఎగువ గ్రామాల నష్టం మీద ఆధారపడకూడదు. రెండవది, నీటిని కాపాడేవారికి ఆ నీటి ఫలంలో వాటా ఇవ్వాలన్న సూత్రం తెలుగు నేలకు కొత్తది కాదు. శాసనాలలోని దశబంధాన్ని ఈనాడు యథాతథంగా పునరుద్ధరించలేం. కాని నగరం కట్టే నీటి రుసుములో కొంత భాగం పరీవాహక గ్రామాలకు చేరే ఏర్పాటు దాని సూత్రానికి దగ్గరగా ఉంటుంది. అటువంటి వాటా 1996లోనే నిర్దేశించి ఉంటే జలాశయాల రక్షణకు ఆ గ్రామాలే అండగా నిలిచే అవకాశం ఉండేది. పోరుమామిళ్ల శాసనం లెక్కించిన ఆరు దోషాలకు ఈ కాలం ఏడవదాన్ని చేర్చింది. కాపాడేవారికి వాటా లేకపోవడమే ఆ దోషం.