పీతకు నొప్పి కలదా?

కృష్ణానది సముద్రమున కలియు హంసలదీవి తీరమున నడచినవారు ఇసుక పీతలను చూచియే యుందురు. అడుగుల చప్పుడు కాగానే అవి కలుగులలో దూరును. శత్రువుకు చిక్కిన కాలిని పీత తానే విడిచివైచి పారిపోగలదు. మరి దానికి నొప్పి తెలియునా?

ఈ ప్రశ్న పాతదే. 17వ శతాబ్దమున ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ జంతువులను యంత్రములతో పోల్చెను. 1906లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు షెరింగ్టన్, హానిని నాడులు గుర్తించుట వేరు, నొప్పి యను అనుభవము వేరు అని వివరించెను. కాలిన పెనము తగిలిన చేయి, మంట తెలియకముందే వెనుకకు వచ్చును గదా! 1968లో నికోల్స్, బేలర్ అనువారు జలగలో, చర్మమును గట్టిగా గిల్లినపుడు స్పందించు ప్రత్యేక నాడీకణములను కనుగొనిరి. వెన్నెముక లేని జీవికిని హానిని తెలుపు ఏర్పాటు కలదని దీనివలన తేలెను.

ఆ కణము హానిని ఎట్లు పసిగట్టును? సమాధానము పండ్ల ఈగ నుండి లభించెను. వేడి కడ్డీ తాకగానే దాని డింభకము దొర్లి తప్పించుకొనును. ఒక జన్యువు చెడిన డింభకములు మాత్రము వెంటనే దొర్లలేదని ట్రేసీ, బెంజర్ ప్రభృతులు 2003లో ప్రకటించిరి. ఆ జన్యువునకు ‘పెయిన్‌లెస్’ అని పేరు. అది తయారుచేయు ప్రోటీను నాడీకణపు పొరలో తలుపు వంటిది. తలుపు తెరచుకొనగానే ధనావేశముగల అయానులు లోనికి వచ్చును. విద్యుత్ సంకేతము పుట్టును.

ఈ కుటుంబముననే ‘టి.ఆర్.పి.ఎ.-1’ అను మరియొక తలుపు కలదు. ఆవపిండి తడిసినపుడు పుట్టు ఘాటు పదార్థము దీనిని తెరచును. మనలోను, ఈగలోను ఉన్న ఈ గ్రాహకము సుమారు 50 కోట్ల సంవత్సరముల నాటి ఉమ్మడి పూర్వజీవి నుండి సంక్రమించినదని 2010లో వెలువడిన పరిశోధన తెలిపెను. ఆవఘాటునకు మన కన్ను చెమర్చుటకును, ఈగ వైదొలగుటకును మూల మొక్కటే!

రొయ్యల చెరువులు నిండిన మన డెల్టాకు ఇది దూరపు విషయము కాదు. కంటికాడను తొలగించినచో ఆడరొయ్య అండాశయము త్వరగా పెరుగునని 1943లో పానూజ్ చూపెను. అప్పటినుండి ఈ కోత రొయ్యపిల్లల ఉత్పత్తి కేంద్రములలో వ్యాపించినది. కోతకు ముందు తిమ్మిరిమందు పూసినచో వనామి రొయ్యలలో కలవరము తగ్గినదని 2004లో ఒక పరిశోధన తెలిపెను.

తలుపు తెరచుకొనినంతమాత్రమున నొప్పి అనుభవమున్నట్లు రుజువు కాదు. అయినను 2022లో బ్రిటన్ పీతలను, రొయ్యలను అనుభూతిగల జీవులుగా చట్టమున చేర్చినది. సందేహము తీరువరకు జాగ్రత్త వహించుటయే శాస్త్రము నేర్పు వివేకము.