తిరుమల క్యూ చెప్పే చరిత్ర: ఇరుకు పోదు, చోటు మారుతుంది

ఈ ఎపిసోడ్‌లో పరిమితుల గురించి మాట్లాడుకుందాం. ఒక పెద్ద వ్యవస్థను బాగుచేయాలంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మనల్ని ఆపుతున్నది ఏమిటి, అది ఏ రకం? దీనికి దూరం వెళ్లక్కర్లేదు. మన తిరుమల కొండ చరిత్ర చూస్తే చాలు.

పరిమితుల్ని మూడు రకాలుగా పెట్టుకుందాం. మొదటిది కొలతల పరిమితి: కొండ ఎత్తు, వాకిలి వెడల్పు, రోజుకు 24 గంటలు. రెండోది ఆచారం: వైఖానస ఆగమం ప్రకారం సుప్రభాతం నుంచి ఏకాంత సేవ దాకా జరగాల్సిన కైంకర్యాలు. మూడోది మనం పెట్టుకున్న రూలు: టికెట్టు, టోకెన్, స్లాట్.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం. 1843లో ఈస్టిండియా కంపెనీ గుడి నిర్వహణను హథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది. 1932 చట్టంతో దేవస్థానం కమిటీ వచ్చేదాకా వాళ్లే చూసుకున్నారు. ఆ కాలంలో అసలు పరిమితి ఏదంటారా? కొండే. నడిచి ఎక్కాలి, లేదంటే డోలీ. అలిపిరి మెట్ల దారి దాదాపు 9 కిలోమీటర్లు. ఎంతమంది రావాలో ఒక రకంగా ఆ మెట్లే తేల్చేవి.

1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచారు. 1974లో రెండోది వచ్చింది. అప్పటి నుంచి ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి. కొండ అనే పరిమితి సడలింది. మరి ఇరుకు పోయిందా? పోలేదు. పైకెక్కి, గుడి వాకిట్లో నిలబడింది.

ఒక చిన్న లెక్క వేద్దాం. స్వామి ముందు నుంచి సెకనుకు ఒక్కరు కదిలారనుకోండి. గంటకు 3,600 మంది. కైంకర్యాలకు పోగా 20 గంటలు దొరికినా 72,000. ఇప్పుడు చాలా రోజుల్లో 60 వేల నుంచి 80 వేల మంది దర్శనం చేసుకుంటున్నారు. అంటే వ్యవస్థ దాదాపు అంచున నడుస్తోంది. ఎన్ని బస్సులు వేసినా, ఎన్ని గదులు కట్టినా ఈ లెక్క మారదు. ఎలియాహు గోల్డ్‌రాట్ అనే ఆయన 1984లో 'ది గోల్' అనే నవలలో ఫ్యాక్టరీల గురించి చెప్పిందీ ఇదే. అన్నిటికంటే ఇరుకైన చోటే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. దాన్ని వెడల్పు చేస్తే ఇరుకు ఇంకో చోటికి పోతుంది.

1980ల్లో వైకుంఠం క్యూ కాంప్లెక్స్ వచ్చింది. అది వాకిలిని పెద్దది చేయలేదు. ఎండలో, వానలో నిలబడే వాళ్లకు కంపార్ట్‌మెంట్‌లో కూర్చునే చోటు ఇచ్చింది. కొలతను మార్చలేనప్పుడు నిరీక్షణను మార్చారన్నమాట. ఇది మంచి నిర్ణయం.

రకాలు గుర్తుపట్టడం ఎందుకు ముఖ్యమో ఇక్కడ చూడండి. కులశేఖరపడి దగ్గర దాకా వెళ్లి దర్శనం చేసుకోవడం ఆచారం అనుకునేవాళ్లు చాలామంది. రద్దీ పెరిగాక లఘు దర్శనం, తర్వాత జయవిజయుల దగ్గర నుంచే మహాలఘు దర్శనం వచ్చాయి. అంటే సామాన్య భక్తుడు ఎక్కడ నిలబడాలన్నది మూడో రకం, మార్చగలిగిన రూలు. వేగం పెరిగింది, స్వామి దూరమయ్యాడు. ఆ దూరం అందరికీ ఒకేలా లేదని క్యూలో ఉన్నవాళ్లకు తెలుసు. అలాగే వైకుంఠ ద్వారం ఏకాదశి, ద్వాదశి రెండు రోజులే తెరవాలన్నది కదలని ఆచారంలా కనిపించేది. 2020 డిసెంబరు నుంచి 10 రోజులు చేశారు. తప్పా ఒప్పా అని నేను అనట్లేదు. మారదు అనుకున్నది మారింది, అంతే.

ఇక బాధ కలిగించే విషయం. కొండ మీద రద్దీ తగ్గించాలని టోకెన్లు కింద తిరుపతిలో ఇవ్వడం మొదలైంది. ఆలోచన మంచిదే. కానీ టోకెన్ కోసం వచ్చిన జనం కూడా ఎక్కడో ఒక చోట నిలబడాలి కదా! 2025 జనవరి 8 రాత్రి, వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్లు బైరాగిపట్టెడ దగ్గర తొక్కిసలాటలో పడ్డారు. ఆ రాత్రి తిరుపతిలో ఆరుగురు చనిపోయారు. గుడి వాకిట్లో కాదు, ఊళ్లో ఒక టోకెన్ కౌంటర్ దగ్గర. మనం పెట్టుకున్న రూలు కొత్తగా ఒక ఇరుకు గేటును తయారుచేసింది. దాని వెడల్పు, దాని ముందు చేరే జనం లెక్కకు రాలేదు.

అందుకే ఆఫీసులో గానీ, ఆస్పత్రిలో గానీ, మన ఇంట్లో గానీ నిర్ణయం తీసుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ అడ్డు కొలతా, ఆచారమా, రూలా? దీన్ని సడలిస్తే ఇరుకు ఎక్కడికి పోతుంది? అక్కడ నిలబడేది ఎవరు? మూడో ప్రశ్న మర్చిపోతే ఏమవుతుందో తిరుపతి చూసింది.

ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్కారం.